ఒంటి తుమ్ము

నేను ఒక చిన్న కారుని. మర్యాదకి అంటున్న మాట కాదు, నిజంగానే చిన్నదాన్ని. స్కూటరు మీద నలుగురు ఇరుక్కుని వెళ్ళే కుటుంబాల కోసం నన్ను తయారు చేశారట. ధర తగ్గాలంటే కారులోంచి ఏమేం తీసెయ్యొచ్చో పెద్దవాళ్ళంతా కూర్చుని ఆలోచించి, తీసెయ్యగలిగినవన్నీ తీసేశాక మిగిలినదే నేను. తలుపు రేకు పల్చన, చక్రాలు సన్నన, హారను మరీ పీల. అలా పుట్టినదానికి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి. వెనకాల లారీ హారను కొడితే చాలు, నా పై ప్రాణాలు పైనే పోతాయి. ఆపిన కాసేపటికి బానెట్ కింద టిక్కు టిక్కుమని చప్పుడవుతుందే, వేడి రేకు చల్లబడుతోందని మీరనుకుంటారు. నా వరకు అది బెంగ.

నన్ను మొదట కొన్నది విశాఖపట్నంలో బీమా ఆఫీసులో పనిచేసే పరదేశి నాయుడు గారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, డాష్‌బోర్డు మీద చిన్న వినాయకుణ్ణి జిగురుతో అతికించారు. సీట్ల మీద కంపెనీవాళ్ళు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు మాత్రం ఎవర్నీ తియ్యనివ్వలేదు. తీస్తే సీట్లు మాసిపోతాయని. ఎండాకాలంలో పిల్లల తొడలు ఆ ప్లాస్టిక్కుకి అతుక్కుపోయి, లేచేటప్పుడు చర్రుమని చప్పుడయ్యేది. ఏళ్ళ తరబడి ఆ కుటుంబం చెమటలు కక్కుతూ నా సీట్లని కొత్తగా ఉంచింది. నన్ను అమ్మేసే ముందు రోజు ఆ కవర్లు విప్పించారు, కొనేవాళ్ళకి సీట్లు బాగా కనపడాలి కదా. కింద ఉన్న మెత్తదనం ఎలా ఉంటుందో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. దేవుణ్ణి అమ్మకూడదని వినాయకుణ్ణి పీకి జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. ఆ జిగురు మచ్చ ఇప్పటికీ నా డాష్‌బోర్డు మీద ఉంది.

తర్వాత ఒక డ్రైవింగు స్కూలు పాలబడ్డాను. ఎడమ వైపు సీటు ముందు నేలకి రంధ్రాలు చేసి, మాస్టరు గారి కోసం అదనంగా ఒక క్లచ్చు, ఒక బ్రేకు బిగించారు. అక్కడ నేను చూసినన్ని వణికే కాళ్ళు ఏ డాక్టరూ చూసి ఉండడు. బ్యాంకులో పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు, కాలేజీలో లెక్కలు చెప్పేవాళ్ళు, ఇంట్లో నోరెత్తితే అందర్నీ హడలగొట్టేవాళ్ళు, క్లచ్చు మీద పాదం పెట్టేసరికి చలిలో కోడిపిల్లల్లా వణికేవారు. నేను ఆగిపోతే తిట్లు నాకే. నేర్చుకున్నాక ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు, వెళ్ళి నాకంటే పెద్ద కార్లు కొనుక్కున్నారు. అయినా ఆ వణుకంటే నాకు ఇష్టంగానే ఉండేది. నాలాంటివాళ్ళు లోకంలో ఇంకా ఉన్నారని అనిపించేది.

నా క్లచ్చు అరిగి, రంగు వెలిసి, స్కూలుకి పనికిరాకుండా పోయాక పాత కార్ల వ్యాపారి ఒకాయన తీసుకున్నాడు. అదనపు పెడళ్ళు పీకించి, రంధ్రాలకి రబ్బరు బిరడాలు నొక్కించి, పైన కొత్త మ్యాటు పరిచాడు. ఒంటికి వెండి రంగు వేయించాడు. పైన పటారం లోన లొటారం అంటారు చూడండి, అదీ సంగతి. సోంపేట నుంచి రిటైరైన పోస్టుమాస్టరు వైకుంఠరావు గారు చూడ్డానికి వస్తే, ఇది డాక్టరు గారు వాడిన బండి అని చెప్పాడు. పాత కార్ల బజారులో ప్రతి కారునీ డాక్టరు గారే వాడి ఉంటారు. అందులోనూ ఆడ డాక్టరు, అదీ ఆదివారాలు మాత్రమే. వైకుంఠరావు గారు మనసులో ఏమీ పెట్టుకోని మనిషి, నమ్మారు. ఆ మాటని ఊరంతా గర్వంగా చెప్పుకున్నారు.

ఆయన దగ్గర నేను సుఖపడ్డాను. పొద్దున్నే చల్లగాలిలో బజారుకి, అక్కడ నుంచి గుడికి, ఎండ ముదరకముందే ఇంటికి. ఆయన భార్య విమలమ్మ గారు పక్క సీట్లో కూరల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. డాష్‌బోర్డు మీద పాత జిగురు మచ్చ పక్కనే అరసవిల్లి సూర్యనారాయణమూర్తి బొమ్మ అంటించుకున్నారు. అలాగే ఉండిపోతాననుకున్నాను. కానీ ఆయన చూపు మందగించింది. ఒకనాడు వీధి మలుపులో గేదెని చూడక చివరి క్షణంలో బ్రేకు వేశారు. ఇంటికి వచ్చి తాళంచెవి విమలమ్మ గారి చేతిలో పెట్టి, ఇంక నేను నడపను అన్నారు.

నా రిజిస్ట్రేషను గడువు కూడా దగ్గరపడుతోంది. ఈ వయసు బండిని ఎవరు కొంటారు? పాత ఇనుము కొనే మనిషి ఒకడు వచ్చాడు. నా చుట్టూ తిరుగుతూ తలుపు మీద, బానెట్ మీద వేలితో కొట్టి చూశాడు. తలుపు తీసి కూర్చోలేదు. కారు కొనేవాడు లోపల కూర్చుంటాడు, ఇనుము కొనేవాడు కూర్చోడు. నాకు అర్థమైపోయింది. కవిటి వైపు నుంచి ఎవరో చూడ్డానికి వస్తామన్నారు, వాళ్ళకి నచ్చకపోతే నువ్వు పట్టుకెళ్ళు అన్నారు వైకుంఠరావు గారు. ఆ మాట విన్నప్పటి నుంచి నా బ్యాటరీ కూడా సరిగా నిలబడలేదు.

వచ్చినవాళ్ళు ముగ్గురు. ఊర్మిళ, ఆమె భర్త డిల్లేసు, ఆమె అన్న నీలకంఠం. నన్ను కొనాలనుకుంటున్నది ఊర్మిళ. అవసరం డిల్లేసుది. కాపలాకి వచ్చినవాడు నీలకంఠం.

వాళ్ళ సంగతి ఆ రోజు అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటుంటే విన్నాను. డిల్లేసు అసలు పేరు ఢిల్లేశ్వరరావు. కొబ్బరి దింపు తీసే మనిషి. వాళ్ళ ఊళ్ళో అతనెక్కని కొబ్బరిచెట్టు లేదట. ఆ ప్రాంతంలో ఎన్నో ఇళ్ళల్లో ఉన్న కిడ్నీ జబ్బు అతనికీ వచ్చింది. వచ్చిన సంగతి అతనికి తెలియలేదు. నొప్పి లేదు, జ్వరం లేదు. పాదాలు వాచి, చెట్టు సగంలో ఆయాసం వచ్చాక పరీక్ష చేయిస్తే, అప్పటికే రెండు కిడ్నీలూ పని చాలించుకున్నాయి. అప్పటి నుంచి వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. చెట్టు చివరికంటా పాకిన మనిషికి బస్సు మెట్టు ఎత్తయిపోయింది. ఆటోలో పదిమంది మధ్య ఇరుక్కుని వస్తుంటే వాంతులు. ఒకసారి డయాలసిస్ అయ్యాక బస్టాండులో కళ్ళు తిరిగి అందరి ముందూ పడిపోయాడు. ఆ సిగ్గు అతనికి జబ్బు కన్నా ఎక్కువైంది. అప్పటి నుంచి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే, ఈసారికి ఒద్దులే అనడం మొదలుపెట్టాడు. అలా మానితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని, ఏదో ఒక రోజు ఇంటికి తిరిగి తీసుకెళ్ళలేరని డాక్టరు ఊర్మిళని పక్కకి పిలిచి చెప్పాడు.

ఊర్మిళ పలాసలో జీడిపప్పు ఏరే పనికి వెళ్ళేది. భర్త మిషను మీద ఉన్నంతసేపూ ఆసుపత్రి బయట కూర్చోవడమే కదా అని, ఆ సమయంలో ఎదురుగా ఉన్న డ్రైవింగు స్కూల్లో చేరింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. లైసెన్సు చేతికి వచ్చాక అన్నకి చూపించి, పుట్టింటివాళ్ళు ఇచ్చిన జీడితోట ముక్క అమ్మి ఒక పాత కారు కొంటానంది. నీలకంఠానికి చెల్లెలంటే ప్రాణం. అందుకే అతనికి కోపం వచ్చింది. అమ్మితే తోట పోతుంది, కొన్నది దారిలో ఆగిపోతే మనిషి పోతాడు. రెండూ పోగొట్టుకున్న చెల్లెల్ని ఎవరు చూస్తారని అతని భయం.

నా భయం ఇంకో రకం. వాళ్ళు కొనకపోతే నన్ను ముక్కలుగా కోస్తారు. కొంటే, నేను ఎక్కడ ఆగిపోతే అక్కడ ఒక మనిషి ఊపిరి ఆగిపోవచ్చు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. కొనండి కొనండి అని ఒక మనసు, వద్దు బాబోయ్ నన్ను నమ్మకండి అని ఇంకో మనసు.

మనుషులు పాత కారుని పరీక్షించే పద్ధతి చూస్తే మాకు నవ్వొస్తుంది. నీలకంఠం ఒకప్పుడు ట్రాక్టరు తోలినవాడు కాబట్టి ముందుగా నా చక్రాలని కాలితో తన్నాడు. ఎందుకు తన్నాడో అతనికీ తెలియదు, తన్నాక ఏం తెలుసుకున్నాడో నాకూ తెలియదు. తర్వాత నాలుగు తలుపులూ ధనధన వేసి చూశాడు. హారను కొట్టాడు. నంబరు ప్లేటులో అంకెలు కూడి, అయిదొచ్చింది, పరవాలేదన్నాడు. ఊర్మిళ మాత్రం నేల మీద పడుకుని అడుగు చూసింది, తుప్పు ఉన్నచోట గోటితో గీరింది. తన మనిషికి ముందుగా జరగని పరీక్షలన్నీ ఆమె నాకు చేస్తోందని అనిపించింది. వైకుంఠరావు గారు డాక్టరు వాడిన బండి అని తనకి చెప్పిన మాటే వాళ్ళకీ చెప్పారు.

ట్రయలుకి ఊర్మిళే నడిపింది. డిల్లేసు ఆమె పక్కన. అతను ఎడమ చెయ్యి కిటికీ అంచు మీద పెట్టాడు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆ చేతి నరాన్ని ఆపరేషను చేసి ఉబ్బించారు. అది లోపల జుమ్మని అదురుతోంది. ఆ అదురు తలుపు రేకులోంచి నాకు తెలిసింది. నా ఇంజను అదురూ అలాగే ఉంటుంది. హైవే దాకా వెళ్ళి తిరిగి వచ్చాం. నా శక్తినంతా కూడగట్టి పరుగెత్తాను. ఎక్కడా మొరాయించలేదు, మూలగలేదు. ఊర్మిళ ముఖంలో కాస్త వెలుగొచ్చింది.

ఇంటి ముందు ఆగాక వైకుంఠరావు గారు ఇంజను ఆపనివ్వలేదు. వినండి, ఎంత మెత్తగా ఉందో వినండి అని అందర్నీ చెవులు రిక్కించి వినమన్నారు. డిల్లేసు తలుపు తీసుకుని నాలోనే కూర్చున్నాడు. మిగతావాళ్ళు అరుగు మీదకి వెళ్ళారు. నీలకంఠం తూర్పు ముఖంగా నిలబడి, తమలపాకులో పెట్టిన అడ్వాన్సు రెండు చేతులా అందివ్వబోయాడు. వైకుంఠరావు గారు చేతులు చాపారు.

అప్పుడు డిల్లేసు తుమ్మాడు. ఒకే ఒక్క తుమ్ము.

రెండు తుమ్మితే ఎవరూ పట్టించుకునేవారు కాదు, జంట తుమ్ము శుభమే. ఒంటి తుమ్ము అలా కాదు. ఎంత తొందరపనైనా ఆపి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, కాసేపు ఆగి మొదలుపెట్టాలి. నీలకంఠం చేతులు వెనక్కి తీసుకున్నాడు. అందరూ ఇంకో తుమ్ము కోసం డిల్లేసు ముఖం వైపు చూశారు. రాలేదు. విమలమ్మ గారు లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చారు, ఎలాగూ కూర్చున్నారు కదా అని టీ పెట్టారు. నన్ను ఆపాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాలో కూర్చున్నవాళ్ళు తుమ్మితే నాకు తెలుస్తుంది. నిజమైన తుమ్ముకి మనిషి ఒళ్ళంతా ఎగిరిపడుతుంది, సీటు కింద స్ప్రింగు కిర్రుమంటుంది. డిల్లేసు తుమ్మితే నా సీటు కదల్లేదు. ముక్కుతో చప్పుడు చేశాడంతే. నన్ను కొనడం అతనికి ఇష్టం లేదు. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఏడుపు కాదు, వేరే ఏదో అవుతోందని కాసేపటికి తెలిసింది. మిట్టమధ్యాహ్నం ఎండ. కదలకుండా నిలబడి ఉన్నాను. కడుపులో వేడి పెరుగుతోంది. నాకు వేడెక్కితే రేడియేటరు వెనక చిన్న ఫ్యాను తిరిగి చల్లబరుస్తుంది. అది తిరగడం లేదు. ఎప్పుడు చచ్చిపోయిందో నాకే తెలియదు. పొద్దున్నే చల్లగాలిలో పరుగెత్తే నాకు ఆ ఫ్యానుతో ఎన్నో ఏళ్ళుగా పని పడలేదు. వేడి చూపించే ముల్లు పైకి పాకుతోంది. అరుగు మీద వాళ్ళు పుల్లేటికుర్రు నేత చీరల గురించి మాట్లాడుకుంటున్నారు. నేను చెప్పలేను, అరవలేను. డిల్లేసు కళ్ళు మూసుకుని ఉన్నాడు. చివరికి బానెట్ సందుల్లోంచి బుస్సుమని ఆవిరి లేచింది, కింద వేడినీళ్ళు ధారగా పడ్డాయి.

ఊర్మిళే ముందు పరుగెత్తుకొచ్చి తాళం తిప్పి ఆపింది. భర్తని రెక్క పట్టుకుని బయటికి లాగింది. వైకుంఠరావు గారి ముఖం చూడలేకపోయాను. "నాకు నిజంగా తెలీదమ్మా. పొద్దున్న పూట తప్ప నేను దీన్ని బయటికి తియ్యలేదు," అన్నారాయన.

నీలకంఠం అడ్వాన్సు జేబులో పెట్టుకున్నాడు. "తుమ్మితే ఊడిపోయే ముక్కు ఇది. దేవుడే తుమ్ము రూపంలో సూపించీసినాడు. ఒగ్గీద్దుం సెల్లీ," అన్నాడు.

బావ చెప్పిందే మంచిదన్నాడు డిల్లేసు. అతని ముఖంలో ఏదో బరువు దిగినట్టు కనిపించింది. ఊర్మిళ మాత్రం నీళ్ళు పడ్డచోట గొంతుక్కూర్చుని, ఆ తడిని చూస్తూ ఉండిపోయింది. లేచి, చెంగుతో చేతులు తుడుచుకుని, వైకుంఠరావు గారితో అంది. "బాగుసేయించి పెట్టండి సారూ. మల్లీ వస్తాను. ఇలగే ఎండలోనే వస్తాను."

మర్నాడే వైకుంఠరావు గారు మెకానిక్కుని పిలిపించి కొత్త ఫ్యాను వేయించారు. వెంటనే ఆపబట్టి సరిపోయింది, ఇంజను లోపల ఏమీ కాలలేదన్నాడతను. నేను గేటు వైపే చూస్తూ ఉన్నాను. ఊర్మిళ రాలేదు. పాత ఇనుము మనిషి వచ్చాడు. ఆ అమ్మాయి వస్తానంది, ఇంకో నాలుగు రోజులు చూద్దాం అని వైకుంఠరావు గారు అతన్ని పంపేశారు. వీధిలో ఏ ఆటో ఆగినా నాకు ఒళ్ళు జలదరించేది, వచ్చింది ఊర్మిళో ఇనుము మనిషో అని.

తర్వాత విమలమ్మ గారికి ఊర్మిళ నుంచి ఫోనొచ్చింది. డిల్లేసు మళ్ళీ రెండుసార్లు వెళ్ళడం మానేశాడట. ఊపిరాడక కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒగురుస్తుంటే ఆటోలో పట్టుకుని తీసుకెళ్ళారట. ఈసారికి గండం గడిచింది. ఆ కబురు విని నేను మొదటిసారి నా సంగతి మర్చిపోయాను. తుక్కు కింద పోతే పోతాను, ఆ మనిషి చేతిలో అదురు ఆగకుండా ఉంటే చాలు అనుకున్నాను. ఇలా అనుకోగలనని నాకే తెలియదు.

వాళ్ళు వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. డిల్లేసు సగమైపోయాడు. నీలకంఠం అరుగు దిగనన్నాడు, ఒంటి తుమ్ము పడ్డ బండిని తాను ముట్టుకోనన్నాడు. ఊర్మిళ అతన్ని బతిమాలలేదు. భర్తని నా ఎడమ సీట్లో కూర్చోబెట్టి, తాను స్టీరింగు ముందు కూర్చుని, ఇంజను స్టార్ట్ చేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఎక్కడికీ వెళ్ళడానికి కాదు, ఎండలో అలా నిలబెట్టి చూడ్డానికి.

నా జీవితంలో అంత భయపడ్డది లేదు. ముల్లు మెల్లగా లేచింది. కొత్త ఫ్యాను నాకింకా అలవాటు కాలేదు, అది నా మాట వింటుందో లేదో తెలియదు. ఊర్మిళ రెప్ప వెయ్యకుండా ముల్లునే చూస్తోంది. ముల్లు సగం దాటింది. ఇంకొంచెం ఎక్కింది. అప్పుడు ముందు వైపు నుంచి గిర్రుమని చప్పుడు వచ్చింది. ఫ్యాను తిరిగింది, కాసేపటికి ముల్లు కిందికి జారింది. ఫ్యాను ఆగింది. మళ్ళీ వేడెక్కితే మళ్ళీ తిరిగింది. ఊర్మిళ ఊపిరి వదిలింది కానీ ఇంజను ఆపలేదు. ఇంకా చూడాలంది.

ఆ ఎండలో, కిటికీలు దించుకుని, ఇద్దరే కూర్చున్నారు. చాలాసేపటికి డిల్లేసు నోరు విప్పాడు.

"ఇదంతా ఎందుకే? తోట నీది. నానెన్నాల్లుంటానో నాకే తెల్దు. పాత మనిసికి, పాత బండికి పెట్టీసి, రేపు నీకేటి మిగుల్తాది?"

ఊర్మిళ ముల్లు మీద నుంచి చూపు తిప్పలేదు. "ఆ రోజు నువ్వు తుమ్మలేదు మావా," అంది.

డిల్లేసు తల తిప్పి ఆమె వైపు చూశాడు.

"పెల్లయిన కాడ్నుంచి సూస్తన్నాను. నువ్వు తుమ్మితే ఈది చివరిదాకా ఇనిపిస్తాది. ఆ రోజు పిల్లి తుమ్మినట్టు తుమ్మినావు."

"తెలిసీ ఊరుకున్నావేటి?"

"అన్న ముందర నిన్ను అబద్దాలోడ్ని సేస్తానేటి? నువ్వు తుమ్మబట్టే దీని జబ్బు బయటపడింది. నీ జబ్బు కూడా ఇలగే ముందు తెలిసుంటే..." ఆమె వేలితో ముల్లు మీది అద్దం తుడిచింది. మళ్ళీ అంది. "తెలిసిన జబ్బంటే నాకు బయం లేదు మావా. తెలీందాంతోనే నా బయం. నువ్వు పొద్దున్నే లేచి ఏటంటావో తెలీక, రాత్రల్లా నీ ఊపిరి ఇనుకుంటా పడుకుంటన్నాను. తోట నాదన్నావు కదా. నాది కాబట్టే అమ్ముతున్నాను."

డిల్లేసు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. కాళ్ళు ముడుచుకుంటే అతని చెప్పు కింద మ్యాటు జరిగింది. ఊర్మిళ వంగి సర్దబోయి ఆగిపోయింది. మ్యాటు ఎత్తి చూసింది. రెండు రబ్బరు బిరడాలు. తాను నేర్చుకున్న కారులో సరిగ్గా ఆ చోటే మాస్టరు గారి పెడళ్ళు ఉండేవి. ఇంకేం, గుట్టు రట్టయింది, అయిపోయిందనుకున్నాను. ఫ్యాను గండం దాటితే ఈ గండం వచ్చిపడింది.

ఆమె దిగి అరుగు దగ్గరికి వెళ్ళి, ఇది డాక్టరు బండి కాదని, డ్రైవింగు స్కూలు బండి అని చెప్పింది. పాపం వైకుంఠరావు గారు కుర్చీలో కూలబడ్డారు. ఇన్నేళ్ళూ ఊరంతా డాక్టరు బండి అని చెప్పుకున్నానే అని తల పట్టుకున్నారు. నీలకంఠం విజయం సాధించినట్టు లేచాడు. చూశావా, ఏ పుట్టలో ఏ పాముందో, పద పోదాం అన్నాడు.

ఊర్మిళ కదల్లేదు. నా వైపు తిరిగి, కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"నాలాటోల్లు ఎంతమంది దీని మీద వనికీసి నేర్సుకున్నారో అన్నా. అందర్నీ ఓర్సుకుంది కదా. నాకూ ఇంకా బయమే. నన్నూ ఓర్సుకుంటాది," అంది.

నేనేంటో తెలిసి నన్ను ఎవరైనా మెచ్చుకున్నది అదే మొదటిసారి.

ఆ సాయంత్రమే ఖాయమైంది. విమలమ్మ గారు డాష్‌బోర్డు మీద సూర్యనారాయణమూర్తి బొమ్మని గోటితో లేపబోతే వైకుంఠరావు గారు వద్దన్నారు. దేవుణ్ణి అమ్మకూడదు కదండీ అని ఆవిడ అంటే, అమ్మడం లేదు, దారి చూపించమని పంపిస్తున్నాను అన్నారు.

ఇప్పుడు నేను ఉండేది కొబ్బరితోటల మధ్య, ఒక రేకుల పాక కింద. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి, ఆసుపత్రి గోడ పక్కన ఎండలో నిలబడి, వాళ్ళిద్దరూ బయటికి వచ్చేదాకా చూస్తూ ఉంటాను. నాకు భయం పోలేదు. ఏ రోజు ఏది ఊడుతుందో తెలియదు. ఊర్మిళ పొద్దున్నే లేచి ముందు నా రేడియేటరులో నీళ్ళు చూస్తుంది, తర్వాత భర్త పాదాల వాపు వేలితో నొక్కి చూస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు ఆ పాత ఇనుము మనిషి దగ్గరికే చేరతాను, అది తప్పదు. అయినా నన్ను కొనడం తప్పా ఒప్పా అని ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పలేను. మొదటి ప్రయాణం రోజు జరిగింది మాత్రం చెప్పగలను.

ఆ పొద్దున్న నా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నీలకంఠమే వచ్చి కొబ్బరికాయ కొట్టాడు, చెల్లెలి మీద కోపం ఎన్నాళ్ళుంచుకుంటాడు. అగరొత్తులు వెలిగించి నా లోపలంతా తిప్పాడు. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. డిల్లేసు తెల్ల చొక్కా వేసుకుని ఎడమ సీట్లో కూర్చున్నాడు. పొద్దున లేచి ఒద్దులే అనలేదు, వెళ్దామనీ అనలేదు. ఊర్మిళ కుడికాలు బ్రేకు మీద, ఎడమకాలు క్లచ్చు మీద. ఆ ఎడమకాలు వణుకుతోంది. నాకు బాగా తెలిసిన వణుకే. ఆమె తాళంచెవి మీద చెయ్యి వేసింది.

అగరొత్తుల పొగ ముక్కులోకి వెళ్ళి డిల్లేసు తుమ్మాడు. ఈసారి నిజం తుమ్ము. నా సీటు స్ప్రింగు కిర్రుమంది, అద్దాలు గణగణమన్నాయి, వీధి చివర కుక్క లేచింది. ఒకే ఒక్కటి.

నీలకంఠం అగరొత్తులు కింద పెట్టేశాడు. ఎవరో ముసలమ్మ, దిగి నీళ్ళు తాగి కాసేపు కూర్చోండి నాయనా అంది. ఎవరో చెంబుకోసం లోపలికి వెళ్ళారు. ఊర్మిళ తాళంచెవి మీద నుంచి చెయ్యి తీసేసింది. భర్త వైపు చూడలేదు. ముందుకి చూస్తూ కూర్చుంది.

నాకు లోపలంతా చల్లబడిపోయింది. అతను దిగితే మళ్ళీ ఎక్కడు. ఈ రోజుకి ఒద్దులే అంటాడు. ఈసారి ఎవరూ తప్పు పట్టరు, ఊరంతా సాక్ష్యం ఉంది. అతని చెయ్యి తలుపు పిడి మీదకి వెళ్ళింది. ఆ నరం అదురు రేకులోంచి నాకు తెలుస్తోంది. అలాగే ఉన్నాడు. రెండో తుమ్ము కోసం చూస్తున్నాడని అర్థమైంది. ముక్కు ఎగబీల్చాడు. కళ్ళు సూర్యుడి వైపు పెట్టి చూశాడు. రాలేదు.

చెయ్యి తలుపు మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గట్టిగా ఊపిరి పీల్చి, ముక్కుతో చిన్న చప్పుడు చేశాడు, పిల్లి తుమ్మినట్టు.

"రెండయినాయి," అన్నాడు. "పోనీ."

సీటు కదల్లేదు. నేను కదిలాను.